కంటైనర్ చెరిగిపోయినా డేటా నిలవాలంటే

ప్రశ్న: నమస్కారమండీ. మేం నలుగురం కలిసి ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా ఒక వెబ్ అప్లికేషన్ చేశాం. సీనియర్లు తమ పాత పాఠ్యపుస్తకాల ఫొటోలు, వివరాలు పెడతారు. జూనియర్లు చూసి, అడిగి తీసుకుంటారు. ఫ్లాస్క్‌లో (పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు రాసే పనిముట్టు) రాశాం, డేటా ఎస్‌క్యూలైట్‌లో (ఒకే ఫైల్‌గా ఉండే చిన్న డేటాబేస్) ఉంది. అప్లికేషన్‌ని కంటైనర్‌గా కట్టి నడిపే డాకర్‌లో పెడితే నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. కంటైనర్లను ఇంటర్నెట్‌లో నడిపిపెట్టే గూగుల్ క్లౌడ్ రన్‌లో పెట్టబోతే, కంటైనర్ 8080 పోర్టులో (ప్రోగ్రాము పిలుపులు అందుకునే నంబరు) వినడం లేదని ఎర్రర్ వచ్చింది. ఎక్కడో చూసి ఏదో మార్చాక తెరుచుకుంది. ఇప్పుడు ఇంకో బాధ. సాయంత్రం పెట్టిన పుస్తకాలు పొద్దునకి ఉండటం లేదు. ఫొటోలు ఒకసారి కనిపిస్తాయి, ఒకసారి కనిపించవు. లాగిన్ అయినవాళ్లు ఉన్నట్టుండి బయటికి వచ్చేస్తున్నారు. చాలా కంటైనర్లను ఒకేసారి నడిపి చూసుకునే కుబర్నెటీస్‌కి మారితే అన్నీ సర్దుకుంటాయని మా టీమ్‌లో ఒకబ్బాయి అంటున్నాడు. వైవాకి మూడు వారాలే ఉంది. క్లౌడ్ ఖాతాకి నాన్నగారి కార్డు ఇచ్చాను, బిల్లు ఎంతొస్తుందోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక విద్యార్థిని

సమాధానం: ముందు మీ నిద్ర సంగతి చూద్దాం. ఎవరూ వాడని వేళల్లో క్లౌడ్ రన్ తన కంటైనర్లను పూర్తిగా దించేస్తుంది. మామూలు సెట్టింగుల్లో ఆ సమయానికి లెక్క కట్టదు. కాలేజీ ప్రాజెక్టుకి వచ్చేపాటి రాకపోకలకు పెద్ద బిల్లు పడటం కష్టం. విద్యార్థుల ఖర్చు తడిసి మోపెడయ్యేది వేరే చోట్ల. వాడినా వాడకపోయినా నడుస్తూనే ఉండే డేటాబేస్ సర్వరో, వర్చువల్ మెషీనో ఒకటి పెట్టి మరిచిపోవడం ఒక దారి. ఖాతా తాళంచెవి బయటివాళ్ల చేతిలో పడటం రెండో దారి. ఈ రెండోది మరీ ప్రమాదం.

కాబట్టి ఈ రాత్రి మూడు పనులు చేసి పడుకోండి. క్లౌడ్ రన్ సర్వీసు సెట్టింగుల్లో గరిష్ఠ ఇన్‌స్టాన్స్‌ల (ఒకేసారి నడిచే కంటైనర్ల) సంఖ్యను 2కి తగ్గించండి. బిల్లింగ్ పేజీలో చిన్న మొత్తానికి బడ్జెట్ అలర్ట్ పెట్టండి. ఆ అలర్ట్ మెయిల్ పంపుతుందే తప్ప ఖర్చును ఆపదని మాత్రం గుర్తుంచుకోండి. చాలామంది దాన్ని గేటు అనుకుంటారు, అది గంట మాత్రమే. మూడోది, నలుగురి గిట్‌హబ్ ఖాతాలూ తెరిచి చూడండి. సర్వీస్ అకౌంట్ కీ (ప్రోగ్రాములు మీ క్లౌడ్ ఖాతాలోకి వెళ్లే తాళంచెవి) ఉన్న జేసన్ ఫైల్ గానీ, పాస్‌వర్డులున్న డాట్ ఎన్వ్ ఫైల్ గానీ ఎప్పుడైనా ఎక్కించారా? ఎక్కించి ఉంటే ఫైల్ తీసేస్తే సరిపోదు, పాత కమిట్లలో, అంటే గిట్ దాచి ఉంచిన పాత ప్రతుల్లో, అలాగే ఉంటుంది. పబ్లిక్ రిపాజిటరీల్లో ఇలాంటి కీల కోసం వెతికే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. ఆ కీని క్లౌడ్ కన్సోల్‌లోకి వెళ్లి రద్దు చేసి, అవసరమైతే కొత్తది తీసుకోండి. కార్డు ఎందుకు ఇచ్చారో నాన్నగారికి కూడా ఒక మాట చెప్పి ఉంచండి. బడ్జెట్ అలర్ట్ మెయిల్ ఆయనకీ వచ్చేలా పెడితే ఇంకా మంచిది.

ఇన్‌స్టాన్స్‌లు 1 కాకుండా 2 ఎందుకన్నానో కింద చెబుతాను.

ఇక అసలు సంగతి. మీరు చెప్పిన లక్షణాలు మూడు. డేటా పోవడం, ఫొటోలు దోబూచులాడటం, లాగిన్లు ఊడిపోవడం. రోగం ఒక్కటే. కంటైనర్ అంటే మీ ల్యాప్‌టాప్‌కి చిన్న నమూనా అని మీరు అనుకుంటున్నారు. డాకర్ నేర్చుకునే ప్రతివాళ్లూ మొదట అలాగే అనుకుంటారు. అది చిన్న కంప్యూటర్ అయితే అందులో రాసింది అందులోనే ఉండాలి కదా? కానీ కంటైనర్ కంప్యూటర్ కాదు. అది ఒక ప్రోగ్రాము. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండె లాంటి కెర్నల్ ఆ ప్రోగ్రాముకి నేమ్‌స్పేస్‌ల సాయంతో చుట్టూ గోడలు కట్టి, సీగ్రూప్‌ల సాయంతో ఇంత మెమరీ, ఇంత సీపీయూ అని కొలిచి ఇస్తుంది. ఈ ఏర్పాట్లు కెర్నల్‌లో డాకర్ రాకముందే ఉన్నాయి. 2013లో వచ్చిన డాకర్ వాటిని మనలాంటివాళ్లం ఒక్క కమాండుతో వాడుకునేట్టు చేసింది. ఆ ప్రోగ్రాము ఆగిందంటే గోడలు లేవు, గది లేదు. క్లౌడ్ రన్ మళ్లీ మొదలుపెడితే ఇమేజ్ (మీ కోడ్, లైబ్రరీలు కలిపి కట్టిన మూట) నుంచి కొత్త గది తయారవుతుంది.

ఇమేజ్‌ని అచ్చేసిన పుస్తకం అనుకోండి, నడుస్తున్న కంటైనర్‌ని పలక అనుకోండి. మీ ఫ్లాస్క్ అప్లికేషన్ ఒక పుస్తకం వివరాలను ఎస్‌క్యూలైట్ ఫైల్‌లో రాసిందంటే పలక మీద రాసినట్టు. రాత్రి ఎవరూ వాడలేదు, క్లౌడ్ రన్ కంటైనర్‌ని దించేసింది, పలక చెరిగిపోయింది. పొద్దున ఎవరో లింకు తెరిచారు, ఇమేజ్ నుంచి కొత్త కంటైనర్ లేచింది. అందులో ఉన్నది మీరు ఇమేజ్ బిల్డ్ చేసిన రోజు ఫోల్డర్‌లో ఉన్న పాత డేటాబేస్ ఫైలే. ఒకసారి గమనించండి, పొద్దున పేజీ ఖాళీగా ఉంటోందా, లేక మీరు ల్యాప్‌టాప్‌లో పరీక్షకని వేసిన పాత పుస్తకాలు కనబడుతున్నాయా? పాతవి కనబడితే మీ డేటాబేస్ ఫైల్ ఇమేజ్‌లోకి కాపీ అయిపోయిందన్న మాట. దాన్ని డాకర్ ఇగ్నోర్ ఫైల్‌లో, అంటే ఇమేజ్‌లోకి రాకూడని వాటి జాబితాలో, చేర్చాలి.

ఫొటోలదీ ఇదే కథ, ఇంకో మెలిక ఉంది. రాకపోకలు పెరిగినప్పుడు క్లౌడ్ రన్ రెండో కంటైనర్‌ని లేపుతుంది. మీరు పెట్టిన ఫొటో మొదటి కంటైనర్‌లో ఉంది. మీ స్నేహితురాలు పేజీ తెరిస్తే ఆ రిక్వెస్టు రెండోదానికి వెళ్లింది. దానికి ఆ ఫొటో సంగతే తెలియదు. అందుకే ఒకసారి కనిపించి, ఇంకోసారి కనిపించడం లేదు. ఇన్‌స్టాన్స్ 1 పెడితే ఈ జబ్బు కొన్నాళ్లు దాక్కుంటుంది. బాగయ్యేదాకా అది కంటికి కనబడుతూనే ఉండాలి, అందుకే 2 అన్నాను. ఇంకో సంగతి. క్లౌడ్ రన్‌లో కంటైనర్ లోపల రాసే ఫైళ్లు మామూలుగా డిస్కు మీద కాదు, మెమరీలో కూర్చుంటాయి. మీ సర్వీసుకి 512 ఎంబీ మెమరీ ఉందనుకోండి. ఒక్కో ఫొటో 3 ఎంబీ అయితే 100 ఫొటోలకే 300 ఎంబీ పోయింది. మిగిలిన దాంట్లో పైథాన్ ఊపిరాడక చచ్చిపోతుంది. మీరు కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటారు.

లాగిన్ల సంగతి చూడకుండానే ఊహించగలను. మీ కోడ్‌లో సీక్రెట్ కీ ఉన్న లైను తెరవండి. అక్కడ ప్రోగ్రాము మొదలైన ప్రతిసారీ యాదృచ్ఛికంగా కొత్త కీ తయారుచేసే ఫంక్షన్ ఉండి ఉంటుంది. ఫ్లాస్క్ ఆ కీతోనే కుకీ (లాగిన్ గుర్తుగా బ్రౌజర్ దాచుకునే చీటీ) మీద సంతకం పెడుతుంది. కంటైనర్ మారితే కీ మారుతుంది, కొత్త కంటైనర్ పాత సంతకాన్ని నమ్మదు, వాడుతున్నవాళ్లు బయటికి వచ్చేస్తారు. రెండు కంటైనర్లు ఒకేసారి నడుస్తుంటే రెండిటికీ రెండు కీలు, ఇంక చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ అబ్బాయి సలహా. కుబర్నెటీస్‌ని గూగుల్ 2014లో బయటపెట్టింది. పదుల కొద్దీ సర్వీసులు, వాటిని చూసుకునే మనుషులు ఉన్నచోట అది గొప్ప పనిముట్టు. మీ ప్రాజెక్టుకి పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. అంతకన్నా ముఖ్యమైన మాట, అక్కడికి మారినా మీ జబ్బు నయం కాదు. అక్కడ కంటైనర్లు పాడ్‌లలో నడుస్తాయి, పాడ్‌లు కూడా చస్తూ పుడుతూ ఉంటాయి, పలక అక్కడా చెరుగుతుంది. అబ్బాయిని చిన్నబుచ్చకండి. నేర్చుకోవాలన్న ఉత్సాహం ఉన్నవాడికి డేటాబేస్ మార్చే పని అప్పజెప్పండి, ఈ ప్రాజెక్టులో ఇప్పుడు అన్నిటికన్నా లోతైన పని అదే.

చేయాల్సింది ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. నిలవాల్సిన ప్రతిదాన్నీ కంటైనర్ బయటికి తీసుకెళ్లండి. పుస్తకాల వివరాలు విడిగా నడిచే డేటాబేస్ సర్వర్ అయిన పోస్ట్‌గ్రెస్‌లోకి, ఫొటోలు క్లౌడ్‌లో ఫైళ్లు దాచే స్టోరేజ్ బకెట్‌లోకి, కీలు పాస్‌వర్డులు రహస్యాలు దాచే సీక్రెట్ మేనేజర్‌లోకి.

డేటాబేస్ దగ్గర కాస్త ఆగుదాం, మీ మూడు వారాల్లో ఒకటి ఇక్కడే పోతుంది. గూగుల్ డేటాబేస్ సేవ క్లౌడ్ ఎస్‌క్యూఎల్ తీసుకుంటే అది క్లౌడ్ రన్‌లా తనంతట తాను సున్నాకి దిగదు. వాడకపోయినా గంట గంటకీ లెక్క నడుస్తుంది. నేను మొదట చెప్పిన మరిచిపోయే వస్తువు అదే. ఉచిత శ్రేణి ఇచ్చే పోస్ట్‌గ్రెస్ సేవలూ ఉన్నాయి. నియాన్, సుపాబేస్ అలాంటివి. మీ పాటి డేటాకి అవి సరిపోతాయి. కాకపోతే షరతులు చదివి దిగండి. ఉచితం అన్నది ఎప్పటికీ ఉచితంగా ఉండాలని లేదు. హెరోకు అనే సేవ మీద ఎంతోమంది విద్యార్థుల ప్రాజెక్టులు నడిచేవి, 2022 నవంబరులో దాని ఉచిత ప్లాన్లు ఆగిపోయాయి.

ఎస్‌క్యూలైట్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి మారినప్పుడు, కనెక్షన్ చిరునామా మారిస్తే అయిపోయిందనుకోకండి. ఎస్‌క్యూలైట్ మెతక మనిషి. 50 అక్షరాలే పట్టే గడి అని మీరు రాసినా 300 అక్షరాలు పెడితే నోరెత్తకుండా తీసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ తీసుకోదు, ఎర్రర్ ఇస్తుంది. వెతుకులాటలో ఇంకో చిక్కు ఉంది. ఎవరో పుస్తకం పేరును ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరంతో మొదలుపెట్టి రాశారు, వెతికేవాళ్లు అన్నీ చిన్న అక్షరాలతో కొట్టారు. ఎస్‌క్యూలైట్‌లో లైక్ అనే మాట ఇంగ్లిష్ అక్షరాల చిన్నాపెద్దా తేడా చూడదు, పోస్ట్‌గ్రెస్‌లో చూస్తుంది. నిన్నటిదాకా దొరికిన పుస్తకం ఇవాళ దొరకదు, ఎర్రర్ కూడా రాదు. అక్కడ ఐలైక్ వాడాలి. అలాగే, టేబుల్‌కి కొత్త గడి చేర్చి, టేబుళ్లను పుట్టించే క్రియేట్ ఆల్ నడిపితే ఇప్పటికే ఉన్న టేబుల్‌ని అది ముట్టుకోదు. ల్యాప్‌టాప్‌లో మీరు డేటాబేస్ ఫైల్ చెరిపేసి మళ్లీ పుట్టించుకునేవాళ్లు కాబట్టి ఈ ఇబ్బంది తెలిసి ఉండదు. ఉన్న టేబుళ్లను మార్చిపెట్టే ఫ్లాస్క్ మైగ్రేట్ పెట్టుకోండి, ఒక పూట పని.

ల్యాప్‌టాప్‌లో కూడా ఇప్పటి నుంచే పోస్ట్‌గ్రెస్ వాడండి. కొన్ని కంటైనర్లను కలిపి నడిపే డాకర్ కంపోజ్ ఫైల్‌లో రెండు సర్వీసులు, ఒకటి వెబ్, ఒకటి డీబీ. నలుగురూ ఒకే చోట పడిపోతారు చూడండి. వెబ్ కంటైనర్ నుంచి డేటాబేస్‌కి లోకల్‌హోస్ట్ అని చిరునామా ఇస్తారు, కనెక్షన్ తిరస్కరించబడింది అని వస్తుంది. ప్రతి కంటైనర్‌కీ లోకల్‌హోస్ట్ అంటే తనే. వెబ్ కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే వెబ్ కంటైనరే, అక్కడ పోస్ట్‌గ్రెస్ లేదు. చిరునామాగా డీబీ అని సర్వీసు పేరే ఇవ్వాలి. అది సరిచేశాక కూడా మొదటిసారి ఫెయిలై రెండోసారి నడిస్తే కంగారుపడకండి. డిపెండ్స్ ఆన్ అని మామూలుగా రాస్తే కంపోజ్ డేటాబేస్ కంటైనర్ మొదలయ్యేదాకా ఆగుతుంది గానీ, లోపల పోస్ట్‌గ్రెస్ సిద్ధమయ్యేదాకా ఆగదు. పోస్ట్‌గ్రెస్ సిద్ధమైందో లేదో అడిగి చూసే హెల్త్‌చెక్ రాసి, అది ఆరోగ్యంగా ఉందని తేలాకే వెబ్ మొదలవ్వాలని షరతు పెట్టాలి.

ఇంకొకటి, దీనికి ఒక రాత్రంతా పోగొట్టుకున్నవాళ్లను చూశాను. కంపోజ్ ఫైల్‌లో పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డ్ మారుస్తారు, పాత కంటైనర్ తీసేసి కొత్తది లేపుతారు, అయినా పాస్‌వర్డ్ తప్పంటుంది. పోస్ట్‌గ్రెస్ ఇమేజ్ ఆ పాస్‌వర్డ్‌ని డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్న మొదటిసారి మాత్రమే చదువుతుంది. వాల్యూమ్‌లో, అంటే కంటైనర్ పోయినా నిలిచే డేటా చోటులో, పాత డేటా ఉంటే పాత పాస్‌వర్డే చెల్లుతుంది. డేటాబేస్ లోపలికి వెళ్లి ఆల్టర్ రోల్ అనే కమాండ్‌తో మార్చాలి.

అప్పుడు కొందరు విసుగొచ్చి, అంతా కొత్తగా మొదలుపెడదామని కంపోజ్ డౌన్ కమాండ్‌కి వి ఆప్షన్ తగిలిస్తారు. ఆ ఒక్క అక్షరం వాల్యూమ్‌లను కూడా తుడిచేస్తుంది. చాలా ఏళ్ల కిందట ఉమ్మడి సర్వర్ మీద నేనే ఆ కమాండ్ కొట్టాను. నా ల్యాప్‌టాప్ టెర్మినల్ అనుకున్నాను. నా తోటివాళ్లు పదకొండు రోజులు కూర్చుని ఎక్కించిన వివరాలు అందులో ఉన్నాయి. బ్యాకప్ లేదు. ఎంటర్ నొక్కాక వరసగా వచ్చిన లైన్లలో వాల్యూమ్ రిమూవ్డ్ అన్న మాట చదివి, నేను ఏ మెషీన్ మీద ఉన్నానో చూసుకున్న ఆ క్షణం ఇప్పటికీ గుర్తుంది. వాళ్లు మళ్లీ మొదటి నుంచి ఎక్కించారు, ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. ఆ తర్వాత ఏ ప్రాజెక్టులోనైనా మొదటి వారంలోనే పీజీ డంప్‌తో రోజూ ఒక కాపీ తీసే ఏర్పాటు చేశాకే మిగతా పని. మీరూ అలా చేయండి. తీసిన కాపీని ఒకసారి వేరే ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి కూడా చూడండి. ఎక్కించి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను.

ఫొటోల పని దీనితో పోలిస్తే తేలిక. క్లౌడ్ స్టోరేజ్‌లో బకెట్ చేసి ఫొటోని అక్కడికి పంపండి, డేటాబేస్‌లో దాని పేరు మాత్రం దాచండి. వాడేవాళ్లు ఇచ్చిన ఫైల్ పేరు వాడకండి, ఇద్దరు ఒకే పేరుతో పంపితే ఒకరి పుస్తకం మీద ఇంకొకరి ఫొటో వస్తుంది. యూయూఐడీతో (ఒకదానితో ఒకటి కలవని పొడవైన గుర్తింపు) కొత్త పేరు పెట్టండి. సైజు పరిమితి కూడా పెట్టండి.

కీల దగ్గర మీరు చేసి ఉండగల తప్పు ఒకటి చెబుతాను. ఇమేజ్ ఎలా తయారుచేయాలో చెప్పే డాకర్‌ఫైల్‌లో ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసి, గుర్తొచ్చి కింది లైనులో డాట్ ఎన్వ్ ఫైల్‌ని చెరిపేశారనుకోండి. కంటైనర్‌లోకి వెళ్లి చూస్తే ఫైల్ కనబడదు. కానీ ఇమేజ్ పొరలు పొరలుగా ఉంటుంది. కాపీ చేసిన పొరలో ఫైల్ భద్రంగా ఉంది, చెరిపిన పొర దాని మీద ముసుగు వేసింది, అంతే. ఇమేజ్ అందినవాళ్లు ఎవరైనా కింది పొర విప్పి చదువుకోవచ్చు. ఎన్వ్ లైనులో నేరుగా రాసినా డాకర్ ఇమేజ్ ఇన్‌స్పెక్ట్‌లో బయటపడుతుంది. అందుకని రహస్యం ఏదీ బిల్డ్ సమయంలో లోపలికి రాకూడదు. డాకర్ ఇగ్నోర్ ఫైల్‌లో డాట్ ఎన్వ్, డాట్ గిట్, డేటాబేస్ ఫైల్ మూడూ రాసేయండి. కంటైనర్ మొదలయ్యేటప్పుడు క్లౌడ్ రన్ సీక్రెట్ మేనేజర్‌లోని రహస్యాలను ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లుగా (ప్రోగ్రాముకి బయటి నుంచి ఇచ్చే విలువలు) అందిస్తుంది. ఫ్లాస్క్ సీక్రెట్ కీ కూడా అక్కడి నుంచే చదివితే లాగిన్లు ఊడిపోవడం ఆ రోజే ఆగుతుంది.

ఇక ఆ మొదటి ఎర్రర్. ఎక్కడో చూసి ఏదో మార్చానన్నారు. అది ఏమిటో మీకు తెలిసి తీరాలి, వైవాలో అడిగే ప్రశ్న అదే అవుతుంది. ఫ్లాస్క్ తనంతట తాను మొదలైతే 127.0.0.1 మీద 5000 పోర్టులో వింటుంది. 127.0.0.1 అంటే తనలో తాను మాట్లాడుకోవడం. కంటైనర్ గోడల అవతల నుంచి వచ్చే పిలుపు దానికి చెవిన పడదు. 0.0.0.0 అని ఇస్తే ఏ వైపు నుంచి పిలిచినా పలుకుతాను అని చెప్పినట్టు. రెండోది, ఏ పోర్టులో వినాలో చెప్పేది క్లౌడ్ రన్. పోర్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఆ సంఖ్య పెట్టి ఇస్తుంది, మామూలుగా అది 8080. మీ ప్రోగ్రాము దాన్ని చదవాలి. డాకర్‌ఫైల్‌లో ఎక్స్‌పోజ్ అని రాయడం చదివేవాళ్లకు సమాచారం మాత్రమే, అది ఏ తలుపూ తెరవదు.

ఫ్లాస్క్ సొంత సర్వర్ బదులు, అసలు వాడకానికి తగిన గునికార్న్ సర్వర్ వాడండి. ఫ్లాస్క్ మొదలైనప్పుడు టెర్మినల్‌లో ఎర్ర అక్షరాలతో హెచ్చరిస్తూనే ఉంటుంది, ఇది డెవలప్‌మెంట్ సర్వర్, అసలు వాడకానికి పెట్టకండి అని. డీబగ్ ఆన్ చేసి ఉంచడం ఇంకా ప్రమాదం, ఎర్రర్ పేజీ నుంచే బయటివాళ్లు మీ సర్వర్‌లో కోడ్ నడిపే వీలుంటుంది. గునికార్న్ కమాండ్‌ని డాకర్‌ఫైల్‌లో చదరపు బ్రాకెట్లలో జాబితాగా రాస్తే, డాలర్ గుర్తుతో రాసిన పోర్ట్ వేరియబుల్ విప్పుకోదు, ఎందుకంటే అక్కడ షెల్ (కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాము) లేదు. బ్రాకెట్లు లేకుండా రాసి, ముందు ఎగ్జెక్ అన్న మాట పెట్టండి. ఎగ్జెక్ ఎందుకంటే, కంటైనర్‌ని దించే ముందు క్లౌడ్ రన్ సిగ్‌టర్మ్ అనే కబురు పంపి 10 సెకన్లు ఆగుతుంది. షెల్ అడ్డంగా కూర్చుంటే ఆ కబురు గునికార్న్‌కి చేరదు, చేతిలో ఉన్న రిక్వెస్టు సగంలో తెగిపోతుంది.

చిన్నచిన్నవి గబగబా చెప్పేస్తాను. రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌ని ముందు కాపీ చేసి, లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసి, ఆ తర్వాత మీ కోడ్ కాపీ చేయండి. కోడ్‌లో ఒక అక్షరం మారిస్తే లైబ్రరీలన్నీ మళ్లీ దిగే బాధ తప్పుతుంది. బేస్ ఇమేజ్‌కి పైథాన్ స్లిమ్ చాలు, వెర్షన్ సంఖ్య తప్పకుండా రాయండి. మీ నలుగురిలో ఎవరికైనా ఎం సిరీస్ చిప్ ఉన్న మ్యాక్ ఉంటే, అక్కడ బిల్డ్ చేసిన ఇమేజ్ క్లౌడ్ రన్‌లో ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ అంటుంది. ప్లాట్‌ఫామ్ ఆప్షన్‌లో లైనక్స్, ఏఎండీ 64 అని ఇచ్చి బిల్డ్ చేయాలి. విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్టు కళ్లెదుట ఉన్నా ఫైల్ లేదని కంటైనర్ అంటే, లైన్ల చివర విండోస్ పెట్టే అదనపు గుర్తు కారణం. ఎడిటర్‌లో లైన్ ముగింపును ఎల్ఎఫ్‌కి మార్చండి.

ఇవన్నీ చేశాక క్లౌడ్‌కి వెళ్లే ముందు ల్యాప్‌టాప్‌లోనే ఒక పరీక్ష పెట్టండి. డాకర్ రన్‌కి రీడ్ ఓన్లీ అనే ఆప్షన్ ఉంది. అది ఇస్తే కంటైనర్ లోపలి ఫైల్ సిస్టమ్ మీద రాయడం కుదరదు. గునికార్న్‌కి కాస్త తాత్కాలిక చోటు కావాలి కాబట్టి టెంప్ ఫోల్డర్‌కి మాత్రం టెంప్ ఎఫ్ఎస్ (మెమరీలో ఉండే తాత్కాలిక చోటు) ఇవ్వండి. మెమరీ 512 ఎంబీకి కట్టేయండి. ఇప్పుడు అప్లికేషన్ అంతా వాడండి. రిజిస్టర్ అవ్వండి, పుస్తకం పెట్టండి, ఫొటో ఎక్కించండి, వెతకండి. ఎక్కడైనా పలక మీద రాసే అలవాటు మిగిలి ఉంటే అక్కడే రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్ అని ఎర్రర్ వచ్చి ఆగుతుంది. ఏ ఫైల్, ఏ లైను అన్నది కూడా లాగ్స్‌లో కనబడుతుంది. రెండు రోజులు క్లౌడ్‌లో వెతికినా దొరకనిది ఇక్కడ పది నిమిషాల్లో దొరుకుతుంది. ఆ తర్వాత ఒకరు లాగిన్ అయి ఉండగానే ఇంకొకరు ఆ కంటైనర్‌ని డాకర్ ఆర్ఎంతో తీసేసి మళ్లీ లేపండి. లాగిన్ అయిన మనిషి పేజీని రిఫ్రెష్ చేస్తే తన పుస్తకాలు, ఫొటోలు, తన పేరు అన్నీ అలాగే ఉండాలి. ఉంటే క్లౌడ్‌లో పెట్టండి. నలుగురూ తలా ఒకసారి చేయండి, ఒకరికి మాత్రమే తెలిసిన డిప్లాయ్‌మెంట్ వైవా రోజున ఆ ఒకరికి జ్వరం వస్తే ఆగిపోతుంది.

వైవాకి రెండు రోజుల ముందు కోడ్ ముట్టుకోవడం ఆపేయండి. ఇమేజ్‌కి లేటెస్ట్ అని కాకుండా తేదీతో ట్యాగ్ ఇవ్వండి. ఆఖరి నిమిషంలో ఎవరైనా ఏదైనా మార్చి పాడుచేస్తే, క్లౌడ్ రన్‌లో రివిజన్ల (మీరు పెట్టిన ఒక్కో వెర్షన్) పేజీకి వెళ్లి పాత రివిజన్‌కి ట్రాఫిక్ మళ్లిస్తే ఒక నిమిషంలో వెనక్కి వస్తారు. దాన్ని కూడా ఒకసారి ముందే చేసి చూసుకోండి. ఆ రోజు పొద్దున కనిష్ఠ ఇన్‌స్టాన్స్‌లను 1కి పెంచండి, లేకపోతే ఎగ్జామినర్ ముందు మొదటి పేజీ తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు తెల్లగా నిలబడిపోతుంది. సాయంత్రం మళ్లీ 0 చేయడం మరవకండి, నిలబెట్టి ఉంచిన కంటైనర్‌కి ఊరికే ఉన్నా లెక్క పడుతుంది. ప్రదర్శనలో నా మాట ఒకటి వినండి. ఎగ్జామినర్ చూస్తుండగా కంటైనర్‌ని చెరిపేసి మళ్లీ లేపండి, డేటా ఎక్కడ ఉందో, ఎందుకు పోలేదో నోటితో చెప్పండి. కుబర్నెటీస్ పేరు స్లైడ్‌లో ఉండటం కన్నా అది ఎక్కువ మార్కులు తెస్తుందని నా నమ్మకం.

అయిపోయాక డేటాబేస్ డంప్, బకెట్‌లోని ఫొటోలు మీ ల్యాప్‌టాప్‌లోకి దించుకోండి. క్లౌడ్ రన్ సర్వీసును తీసేస్తే డేటాబేస్, బకెట్, ఇమేజ్‌లు దానితో పాటు పోవు, వాటి లెక్క విడిగా నడుస్తూనే ఉంటుంది. అందుకని క్లౌడ్ ప్రాజెక్టు మొత్తాన్నే మూసేయండి. పొరపాటున మూసినా 30 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది. డేటాబేస్ బయటి సేవలో పెట్టి ఉంటే అక్కడికీ వెళ్లి తీసేయండి. తర్వాత నెల బిల్లు వచ్చేదాకా ఆగి, అది సున్నా అని చూసుకుని, ఆ పేజీ నాన్నగారికి చూపించి కార్డు తీసేయండి.